దసరాకి పంజరంలో పాలపిట్ట, చూసినందుకు వంద రూపాయలు. అడ్డుచెప్పడం నా తప్పా?

జమ్మి నీడ
నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జమ్మి పూజ అయ్యాక ఒకతను చిన్న పంజరం పట్టుకొచ్చాడు. పైన ఎర్రగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే లోపల పాలపిట్ట. ఇంటికి వంద రూపాయలన్నాడు. అందరూ వరసకట్టి చూసి దండం పెట్టుకున్నారు, పిల్లల్ని ఎత్తుకుని చూపించారు, ఫోటోలు దిగారు. నేను దగ్గరికి వెళ్లి చూస్తే రెక్కల ఈకలు సగానికి కత్తిరించేసి ఉన్నాయి, కాళ్లకు దారం కట్టి ఉంది, అది నోరు తెరుచుకుని రొప్పుతోంది. ఉండబట్టలేక "ఇది నేరం, డబ్బులివ్వకండి" అన్నాను. అంతే, అందరూ నా మీద పడ్డారు. పండగపూట ఏమిటమ్మా ఈ గొడవ అని ఒకరు, నమ్మకం లేకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా అని ఇంకొకరు. ఈలోగా అతను గుడ్డ కప్పుకుని పక్క అపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోయాడు. మా అత్తగారు రాత్రి నాతో మాట్లాడనే లేదు.

అటవీశాఖకి ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. అతను కూడా పేదవాడే, జైల్లో పెడతారేమోనని. రాత్రంతా నిద్ర పట్టలేదు. అసలు చట్టంలో ఏముంది? నేను చేసింది తప్పా?

కరీంనగర్ కుర్రోడు
తప్పేం లేదక్కా. కానీ ఫోన్ చేయాల్సింది.

మూడో అంతస్తు
నేను ఒప్పుకోను. పాలపిట్టను చూడటం మన ఆచారం, తాతల కాలం నుంచి ఉంది. ఊళ్లో అయితే పొలానికి వెళ్లి చూస్తాం. సిటీలో ఎక్కడ దొరుకుతుంది? అతను తెచ్చి చూపించాడు, మనం చూశాం, అతనికి నాలుగు రూపాయలు వచ్చాయి. ఏటా ఒక్కరోజు. కోళ్లను రోజూ లక్షల్లో కోస్తుంటే ఎవరూ మాట్లాడరు.

నల్లకోటు
చట్టం అడిగారు కాబట్టి అది చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. అందులో 2వ సెక్షన్‌లో "వేట" అంటే ఏమిటో రాశారు. చాలామంది వేట అంటే చంపడం అనుకుంటారు. చట్టం ప్రకారం పట్టడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర పెట్టడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. పక్షుల విషయంలో గుడ్లను, గూళ్లను పాడుచేయడం కూడా. 9వ సెక్షన్ ఆ వేటను నిషేధిస్తుంది. 39వ సెక్షన్ ప్రకారం అలా పట్టిన జంతువు ప్రభుత్వ ఆస్తి, అనుమతి లేకుండా ఎవరి దగ్గరా ఉండకూడదు. అంటే ఆ పిట్టను అతనే పట్టాడని నిరూపించక్కర్లేదు, చేతిలో పంజరం ఉంటే చాలు.

2022లో సవరణ చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ జంతువుకు ఎంత రక్షణో చెప్పే జాబితాలే షెడ్యూళ్లు, ఆరింటిని నాలుగు చేశారు. పాలపిట్ట ఇదివరకు నాలుగో షెడ్యూల్‌లో ఉండేది, ఇప్పుడు రెండోదాంట్లో ఉంది. రామచిలుక కూడా అంతే. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఈ జరిమానా సవరణకు ముందు 25 వేలే.

మూడో అంతస్తు గారూ, కోళ్లు పెంపుడు పక్షులు. వాటిని ఈ చట్టంతో కలపకండి, ఆ చర్చ వేరు.

పక్షుల పిచ్చి
@మూడో అంతస్తు, "తెచ్చి చూపించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ తేవడం ఎలా జరుగుతుందో చెప్తాను. పండక్కి చాలా రోజుల ముందే పడతారు. కొమ్మకు జిగురు పూసి, పురుగును ఎర కడతారు. పిట్ట వాలగానే అతుక్కుపోతుంది. జిగురు ఈకలకు పడితే ఇక ఎగరలేదు. తర్వాత రెక్కలు కత్తిరించడం, కాళ్లు కట్టడం, చీకట్లో ఉంచడం. ఇది మిడతలు, కీచురాళ్లు, బతికున్న పురుగులు తినే పిట్ట. పంజరంలో నూకలు వేస్తే తినదు. చాలా వరకు పండగ చూడకుండానే చచ్చిపోతాయి. మీ గేటు దగ్గరికి వచ్చింది మిగిలినది.

ఇంకో మాట. పాలపిట్ట కూర్చుని ఉంటే గోధుమరంగులో మామూలుగా కనిపిస్తుంది. ఎగిరినప్పుడే రెక్కల్లో ఆ నీలాలు తెరుచుకుంటాయి. రెక్కలు కత్తిరించినదాన్ని చూసినవాళ్లు పాలపిట్టను చూసినట్టే కాదు.

పంతులుగారబ్బాయి
ఆచారం అన్నారు కాబట్టి. రాముడు యుద్ధానికి బయలుదేరినప్పుడు పాలపిట్ట ఎదురైందని, అందుకే విజయం కలిగిందని చెప్పుకుంటారు. పాండవులకు కూడా అలాగే కనిపించిందంటారు. రెండు కథల్లోనూ అది దానంతట అది ఎదురైంది, ఎవరూ పట్టి తెచ్చి చూపించలేదు. మా నాన్న నలభై ఏళ్లుగా మా ఊళ్లో జమ్మి పూజ చేయిస్తున్నారు, సాయంత్రం అందరూ ఊరి పొలిమేర దాకా నడిచి వెళ్తారు. కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే లేదు. శకునం అంటే అదే కదా. కొనుక్కుంటే శకునం ఎలా అవుతుంది?

మూడో అంతస్తు
@పంతులుగారబ్బాయి ఇది నేను ఆలోచించలేదు. సరే.
కానీ పేదవాడి పొట్ట కొట్టడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

గుడారం
నేను మాట్లాడతాను. మమ్మల్ని ఊళ్లో పిట్టలోళ్లు అంటారు. మా తాత పిట్టలు పట్టేవాడు, కౌజులు, కంజులు, గువ్వలు. మర్రిపాలు కాచి జిగురు చేసేవాడు. అడవి ఎవరిదో, చట్టం ఏమిటో మాకు తెలియదు, అదే మా కూడు. 1972లో చట్టం వచ్చింది. ఒక్కరోజులో మేము దొంగలమైపోయాం. మీకు బదులుగా ఇదిగో భూమి, ఇదిగో పని అని ఎవరూ అనలేదు. మా నాన్న పూసలు, సూదులు, పిన్నీసులు సంచిలో వేసుకుని తిరిగి మమ్మల్ని పెంచాడు. నేను డిగ్రీ చదివాను. ఇప్పటికీ మా గుడారాల్లో కొంతమంది దసరాకి పిట్టలు పడతారు, నేను దాచను. కానీ ఆ వంద రూపాయలన్నీ వాళ్లకు రావు. పట్టినవాడికి పిట్టకి ఇంత అని ఇచ్చి మధ్యలో ఇంకొకడు కొంటాడు, వాడే పంజరాలు పంచుతాడు. దొరికేది మాత్రం పంజరం పట్టుకున్నవాడు.

పిట్టను కాపాడాలి, దాంట్లో నాకు రెండో మాట లేదు. రొప్పుతున్న పిట్టను నేను చిన్నప్పుడు చేతుల్లో పట్టుకుని చూశాను. కానీ చట్టం చేసినవాళ్లు మమ్మల్ని కూడా చూసి ఉంటే మా తమ్ముడు ఇవాళ కోర్టు చుట్టూ తిరిగేవాడు కాదు.

జమ్మి నీడ
@గుడారం మీ పోస్టు రెండుసార్లు చదివాను. నిన్న ఫోన్ చేయకుండా నన్ను ఆపింది ఇదే, కానీ నాకు చెప్పడం రాలేదు.

డాలస్ అత్త
ఇక్కడ అమెరికాలో మా మనవరాలు పార్కులో బ్లూ జే పక్షి ఈక ఒకటి ఏరుకొచ్చి పుస్తకంలో పెట్టుకుంది. వాళ్ల టీచరు అది ఉంచుకోకూడదు, మళ్లీ అక్కడే పెట్టేయమని చెప్పింది. ఈకకి కూడా చట్టమా అని నేను ఆశ్చర్యపోయాను. తర్వాత చదివితే తెలిసింది, 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం, దాని కింద దేశవాళీ పక్షుల ఈక అయినా అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. ఈకను నువ్వు ఏరుకున్నావో, పక్షిని చంపి పీకావో ఎవరికి తెలుస్తుంది, అందుకే.

దాని వెనక కథ ఇంకా బాగుంటుంది. అప్పట్లో ఆడవాళ్ల టోపీలకు కొంగల ఈకలు పెట్టుకోవడం ఫ్యాషన్. వాటికోసం వేలకొద్దీ కొంగల్ని గూళ్ల మీదే కాల్చేసేవాళ్లు, పిల్లలు ఆకలితో చచ్చేవి. 1896లో బోస్టన్‌లో హారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అనే ఇద్దరు ఆడవాళ్లు తమ తోటి గొప్పింటి ఆడవాళ్లను టీకి పిలిచి, మనం ఈ టోపీలు మానేద్దాం అని ఒప్పించడం మొదలుపెట్టారు. వేటగాళ్ల దగ్గరికి వెళ్లలేదు, కొనేవాళ్ల దగ్గరికి వెళ్లారు. అందులోంచే పక్షుల్ని కాపాడే అక్కడి ఆడుబాన్ సంఘం పుట్టింది. తర్వాత 1900లో ఒక చట్టం, 1918లో ఇది. జమ్మి నీడ అమ్మాయ్, నువ్వు చేసింది కూడా అదే పని కదా, కాకపోతే టీ ఇవ్వలేదు.

కరీంనగర్ కుర్రోడు
అత్తా, వచ్చే దసరాకి టీతో పాటు సకినాలు కూడా పెట్టమని చెప్పు. సకినాలుంటే మా దగ్గర ఎవ్వరైనా ఒప్పుకుంటారు.

మిట్టూ అమ్మ
నాకు భయంగా ఉంది. మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా రామచిలుక ఉంది. ఎవరో పిల్లలు గూటిలోంచి పడిందని తెచ్చిచ్చారు, ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాలేదు. చెంచాతో అన్నం పెట్టి పెంచాను. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. ఇది కూడా నేరమా?

నల్లకోటు
@మిట్టూ అమ్మ నిజం చెప్పాలంటే అవును. మన దేశపు అడవి పక్షిని అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు. 1991 సవరణ తర్వాత మన అడవి పక్షుల వ్యాపారం పూర్తిగా ఆగిపోవాలి. బజార్లో ఎవరైనా రామచిలుక అమ్ముతుంటే అది నూటికి నూరు శాతం అక్రమమే. లవ్‌బర్డ్స్ వంటివి విదేశీ జాతులు గనుక ఈ నిషేధం వాటికి లేదు, సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారంపై దేశాల ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జాతులకు మాత్రం రిజిస్ట్రేషన్ ఉండాలి. భయపడకండి, మీరే అటవీశాఖకి చెప్పండి. దాచిపెట్టి పట్టుబడటం వేరు, మీరే వెళ్లి చెప్పడం వేరు.

పక్షుల పిచ్చి
దయచేసి కిటికీ తెరిచి వదిలేయకండి. తొమ్మిదేళ్లు మనిషి చేతిలో తిన్న చిలుక బయట రెండు రోజులు బతకదు. కాకులు, పిల్లులు వదలవు. జూ వాళ్లో, పక్షుల వైద్యులో చూసి చెప్పాలి.
పైగా 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. రెండు రాష్ట్రాలూ గౌరవించుకున్న పక్షులు రెండూ పంజరాల్లోనే కనిపిస్తున్నాయంటే చాలా బాధేస్తుంది.

మిట్టూ అమ్మ
ఏడుపొస్తోంది. ఆలోచిస్తాను.

వేరుశెనగ రైతు
మీరంతా పిట్టల గురించి ఏడుస్తున్నారు, ఏడవండి, తప్పు లేదు. నాది అనంతపురం వైపు. ఈ ఏడు ఆరెకరాల్లో వేరుశెనగ వేస్తే అడవి పందులు ఒక్క రాత్రిలో ఎకరా తవ్విపోయాయి. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని, డబ్బాలు కొట్టుకుంటూ కాపలా. చట్టం పందికి ఉంది, నాకేముంది? నష్టపరిహారానికి అర్జీ పెడితే ఫోటో కావాలి, ఈ కాగితం కావాలి, ఆ సంతకం కావాలి. వచ్చేలోపు ఇంకో పంట అయిపోతుంది. అందుకే జనం చేలకి కరెంటు తీగలు పెడుతున్నారు. నేను పెట్టలేదు, కానీ పెట్టినవాడి మీద నాకు కోపం రావట్లేదు.

పక్షుల పిచ్చి
మీ నష్టాన్ని ఎవరూ కాదనలేరు. కానీ తీగ మీద మాత్రం కోపం రావాలండీ. తీగకి పందికీ, పులికీ, మనిషికీ తేడా తెలియదు. ఆసిఫాబాద్ వైపు పందుల కోసం పెట్టిన తీగలకే పులులు పోయాయి. రాత్రి నీళ్లు పెట్టడానికి పక్క చేలోకి వెళ్లిన రైతులే ఎంతమంది పోయారో పేపర్లో చూస్తూనే ఉన్నాం.

వేరుశెనగ రైతు
మా పక్క ఊళ్లో కూడా ఒకాయన అలాగే పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. అది నిజమే.

నల్లకోటు
రైతు గారికి చట్టంలో దారి లేకపోలేదు. 11వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూల్‌లో ఉన్న జంతువు మనిషికి గానీ పంటకి గానీ ప్రమాదకరంగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి వేటాడించవచ్చు. అడవి పంది రెండో షెడ్యూలే. కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల వరకు తెచ్చారు. 62వ సెక్షన్ ఇంకొకటి ఉంది, కేంద్రం ఒక ప్రాంతంలో, కొంత కాలానికి ఒక జంతువును హానికర జంతువుగా ప్రకటించడం. బీహార్‌లో నీల్గాయికి, ఉత్తరాఖండ్‌లో అడవి పందికి, హిమాచల్‌లో కోతులకు అలా చేశారు. నాకు ఆ రెండోది ఇష్టం లేదు, ఎవడు దేన్ని చంపాడో లెక్క ఉండదు. మొదటిదే మేలు, కాకపోతే అనుమతి వారంలో రావాలి, ఆరు నెలలకు కాదు. రైతు సంఘాలు అడగాల్సింది దీన్ని.

కరీంనగర్ కుర్రోడు
చట్టం పుస్తకంలో బానే ఉంటది సార్. అమలు ఎక్కడ? 50 ఏళ్లు దాటింది, ఇప్పటికీ దసరాకి పంజరాలు వస్తూనే ఉన్నాయి. ఎన్ని పోస్టులు రాసినా ఏం మారదు.

తేలినీలాపురం చుట్టం
మారదు అనకండి. మా అమ్మమ్మ గారిది శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. ఏటా చలికాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్లు పెడతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని ఊరంతా నమ్ముతారు. ఇళ్లమధ్య చెట్లు, కింద అంతా రెట్ట, వాసన, అయినా ఎవరూ కొట్టరు. పిల్ల గూట్లోంచి పడితే ఆడవాళ్లే ఎత్తి అప్పగిస్తారు. అనంతపురం వైపు వీరాపురంలో కూడా అంతేనట, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కూడా. నమ్మకం అంటే పిట్టను పంజరంలో పెట్టడమే కానక్కర్లేదు, చెట్టు కొట్టకుండా ఉండటం కూడా నమ్మకమే.

పక్షుల పిచ్చి
@కరీంనగర్ కుర్రోడు నాగాలాండ్ సంగతి చూడు. 2012లో డోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగల్ని వలలు వేసి వేలకు వేలు పట్టి చంపుతున్నారని కొందరు వీడియో తీసి బయటపెట్టారు. సైబీరియా వైపు నుంచి ఆఫ్రికాకి పోయే దారిలో అక్కడ ఆగే పక్షులవి. అప్పుడు ప్రభుత్వం చట్టం చూపించడమే కాదు, ఊరి పెద్దలు, చర్చి, పరిరక్షణ సంస్థలు కూర్చుని మాట్లాడారు. మరుసటి ఏడాది, 2013లో, అదే చోట వేట ఆగిపోయింది. ఇప్పుడు ఆ పక్షుల్ని చూడటానికి జనం అక్కడికి పోతున్నారు. ఒక్క ఏడాదిలో మారింది. చట్టం 1972 నుంచీ ఉంది, కూర్చుని మాట్లాడిన రోజున పనిచేసింది.

కరీంనగర్ కుర్రోడు
ఇది తెలియదు. నల్లమల యురేనియం గొడవ గుర్తొచ్చింది, 2019లో చెంచులు, ఊళ్ల జనం, ఫోన్లలో పోస్టులు పెట్టేవాళ్లు అందరూ ఒక్కటై అరిస్తే ఆ సెప్టెంబర్లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అప్పుడు నేను కూడా పోస్టులు పెట్టాను. సరే, మాట వెనక్కి తీసుకుంటున్నా.

మూడో అంతస్తు
ఒక ప్రశ్న. మా బావమరిది ఇంట్లో వాస్తుకి మంచిదని నక్షత్ర తాబేలు పెట్టుకున్నాడు. అది కూడానా?

నల్లకోటు
అది ఇంకా పెద్ద నేరం. 2022 సవరణతో నక్షత్ర తాబేలు ఒకటో షెడ్యూల్‌లోకి వచ్చింది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు, జరిమానా 25 వేలకు తగ్గకుండా. ఈ రాత్రికే చెప్పండి.

మూడో అంతస్తు
చెప్పాను. టెన్షన్ పడుతున్నాడు. రేపు పొద్దున్నే అటవీశాఖ ఆఫీసుకి తీసుకెళ్తానన్నాడు, నేను తోడు వెళ్తున్నాను.

గుడారం
జమ్మి నీడ గారూ, ఫోన్ చేయాలా వద్దా అన్నారు. నా మాట వింటారా? చేయండి. కానీ పండగ రోజు కాదు, పండక్కి రెండు వారాల ముందు. అప్పుడే పిట్టల్ని పడతారు, అప్పుడే అవి మధ్యవాడి దగ్గర మూటగా ఉంటాయి. అప్పుడు పట్టుకుంటే పిట్టలు బతుకుతాయి, దొరికేది కూడా అసలువాడు. పండగ రోజు పట్టుకుంటే దొరికేది మా తమ్ముడిలాంటివాడు. ఇంకా, మా వాళ్లకి ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో, ఏ పొద్దున ఏ తీగ మీద కూర్చుంటుందో మీ పుస్తకాల కన్నా బాగా తెలుసు. పిట్టను పట్టి చూపిస్తే వంద ఇచ్చారు. పట్టకుండా చూపిస్తే ఇస్తారా?

పక్షుల పిచ్చి
@గుడారం నేను ఇస్తాను. మా పక్షుల నడక గుంపులో ప్రతి ఆదివారం ఇరవై మందిమి వెళ్తాం. దారి చూపించేవాళ్లకి డబ్బులిస్తాం. మీ తమ్ముడు వస్తారా? సందేశం పెట్టాను చూడండి.

గుడారం
చూశాను. అడుగుతాను.

జమ్మి నీడ
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మా అసోసియేషన్ మీటింగులో మాట్లాడాను. టీ పెట్టాను, సకినాలు కూడా (కరీంనగర్ తమ్ముడు గమనించాలి). చట్టం గురించి తక్కువ చెప్పాను, ఆ పిట్టను ఎలా పడతారో చెప్పాను. నన్ను ఇంట్లో కూర్చోమన్న పెద్దాయన మొదటే లేచి వచ్చే ఏడు గేటులోకి పంజరం రానివ్వద్దని రాసుకోండి అన్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, మా ఇష్టం అన్నారు. సెక్యూరిటీకి మాత్రం చెప్పేశారు. గుడారం గారు చెప్పినట్టు వచ్చే ఏడు రెండు వారాల ముందే అటవీశాఖకి ఉత్తరం ఇస్తాం, పక్క మూడు అపార్ట్‌మెంట్ల వాళ్లతో కూడా సంతకాలు పెట్టిస్తున్నాను.

పంతులుగారబ్బాయి రాసిన పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నాన్న భుజం మీద కూర్చుని చెరువుకట్ట మీద పాలపిట్టను చూసిన సంగతి చెప్పారు. ఎగిరినప్పుడు నీలంగా ఉండేదని ఆవిడే అన్నారు, నేను అడగలేదు. ఆదివారం నడకకి ఆవిడ కూడా వస్తానంటున్నారు. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. కుదురుతుందా?

పక్షుల పిచ్చి
కుదురుతుంది. కారు దిగాక యాభై అడుగులే. ఆరింటికల్లా బయలుదేరండి, ఎండెక్కితే అవి నీడలోకి పోతాయి. కోసేసిన చేల పక్కన కరెంటు తీగల మీద చూద్దాం. అమ్మగారికి కూర్చోవడానికి ఒక కుర్చీ తెస్తాను. దారి చూపించేది గుడారం గారి తమ్ముడే.